ఆంగ్లవాక్య విభజనమును గూర్చి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు సాయంకాలము పోయినవారు లోపలి బల్లలతో తృప్తిపడక ఆవరణములో చెట్ల నీడలను సైతము చదువుశాలలుగా జేసికొన్న యువతీయువకులను జూచియే యుందురు. వారిలో ననేకులు పల్లెల నుండి వచ్చి, అశోక్‌నగరపు సందులలో నొక్కొక గదిని ముగ్గురు నలుగురు పంచుకొని, పగలు శిక్షణాలయములందును, సాయంకాలము గ్రంథాలయమునందును కాలము గడపుచున్నవారు. ఇంటి నుండి నెలనెల వచ్చు సొమ్ము తండ్రి యమ్మిన ధాన్యముదో, తల్లి కుదువబెట్టిన గొలుసుదో యై యుండును. కావున నచ్చట నేర్పు చదువు మంచిదా కాదా యను ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే చెందినది కాదు. అది యనేక సంసారముల సంగతి.

మొన్న నొకనాడు మేము ఆ యావరణములో నొక విద్యార్థి ప్రక్కను గూర్చుంటిమి. ఆతని చేతిపుస్తకములో పుటలకొలది ఆంగ్లవాక్యములు నిలువుగీతలచే ముక్కలు చేయబడి యున్నవి. ప్రతి ముక్క క్రిందను దాని పేరు ఎఱ్ఱసిరాతో వ్రాయబడి యున్నది: నౌను, ప్రోనౌను, మెయిన్ క్లాజు, అడ్జెక్టివ్ క్లాజు. మేము చూచినంతవఱకు విభజనలో దోష మేమియు లేదు. సంతోషించి, యందొక వాక్యమును జూపి, "నాయనా, దీని భావ మేమి?" యని యడిగితిమి. ఆతడు కొంతసేపు దానివంక జూచి, "భావము మా సారు చెప్పలేదండి, క్లాజులు మాత్రమే చేయించినారు" అనెను. ఆ మాటలో నెగతాళి లేదు, సిగ్గును లేదు. భావమనునది మఱియొక పాఠము కాబోలు, దాని వంతు వచ్చినప్పుడు చెప్పుదురు కాబోలు నన్నట్లు పలికెను.

ఈ వ్యాసము ఆ యుత్తరమును గూర్చియే.

ఆంగ్లవాక్యమును భాగములుగా విడదీయు విద్యకు మన నగరమున నింత గిరాకి యేల కలిగెనో మొదట చూడవలెను. తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషనువారి గ్రూపు-1 ప్రధాన పరీక్షలో జనరల్ ఇంగ్లీషు పత్ర మొకటి కలదు. తప్పులు పట్టుట, ప్రిపొజిషనులతో ఖాళీలు నింపుట, కర్తరి కర్మణి ప్రయోగములను మార్చుట, చెదరిన వాక్యములను వరుసకు దెచ్చుట, సంగ్రహించి వ్రాయుట మొదలైనవి యందలి యంశములు. దాని మార్కులు ర్యాంకునకు జేరవు. కాని యందు అర్హత పొందనివానికి ఎంపిక లేదు. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షయందలి 300 మార్కుల ఆంగ్లపత్రము నిట్టిదే. అందు నూటికి 25 వంతున రావలెను. బ్యాంకు ఉద్యోగముల పరీక్షలందును, స్టాఫ్ సెలక్షన్ కమిషను పరీక్షలందును వాక్యమును ముక్కలు చేసి యిచ్చి, తప్పు ఏ ముక్కలో నున్నదో చెప్పుమనుట పరిపాటి. పరీక్షయే వాక్యమును ఖండించి యిచ్చుచుండగా, శిక్షకుడు ఖండించుటయే నేర్పుట యాశ్చర్యము కాదు.

విభజనమే వ్యర్థమని మేము చెప్పబోము. అట్లు చెప్పుట తేలిక. కాని సత్యము కాదు. ఒక యుదాహరణము చూడుడు. "ది క్వాలిటీ ఆఫ్ ది మేంగోస్ ఆర్ గుడ్" అను వాక్యము తప్పు. "ఆర్" అనుచోట "ఈజ్" ఉండవలెను. మన పిల్లలు దీనియందు తఱచుగా బొరపడుదురు. దానికి హేతువు వారి యజాగ్రత్త మాత్రమే కాదని మా తలంపు. తెలుగున "ఆ మామిడిపండ్ల రుచి బాగున్నది" అందుము. ఇందు ప్రధానమైన "రుచి" అను పదము తన విశేషణములన్నిటికిని చివర వచ్చి, క్రియను తాకి నిలుచును. ఆంగ్లమున నిది తలక్రిందు; ప్రధానపదము ముందు వచ్చును, దాని నంటియున్న పండ్లు నడుమ జొచ్చి క్రియ ప్రక్కను నిలుచును. క్రియకు దగ్గఱనున్న నామమే దాని యజమానియను తెలుగువాని యలవాటు, ఇచ్చట వానిని మోసగించును. ఆంగ్లము మాతృభాషగా గలవారును నడుమ దూరము పెరిగినప్పు డిట్లు తప్పుదురు గాని, మనకు మన భాషయే ఆ గోతివైపు త్రోవ జూపుచున్నది. ఇట్టి చోట "ప్రధానపద మేది? దాని నంటియున్న దేది?" యని విడదీసి చూచుట గాక వేఱు మందు లేదు.

కావున మా యాక్షేపణ విడదీయుటపై గాదు. పేరు పెట్టగానే పని ముగిసినదని తలచుటపై. పై వాక్యమును ముక్కలు చేసి "ఆఫ్ ది మేంగోస్" అనునది ప్రిపొజిషనల్ ఫ్రేజు అని వ్రాసిన విద్యార్థికి ఆ పేరు వలన "ఈజ్" వ్రాయవలెనని తెలియదు. రుచి బాగున్నదా, పండ్లు బాగున్నవా యని యడిగికొన్నవానికే తెలియును.

ఈ పేళ్లు ఎచ్చటనుండి వచ్చినవో కొంచెము చూతము. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దివాడైన డయోనీసియస్ థ్రాక్స్ పేర చెల్లు చిన్న గ్రీకు వ్యాకరణమున భాషాభాగములు ఎనిమిది. లాటినువారు దానిని దెచ్చుకొనినప్పుడు తమ భాషలో ఆర్టికిల్ లేదని గ్రహించిరి. అయినను ఎనిమిది యను సంఖ్య చెడకుండుటకై యాశ్చర్యార్థకమును వేఱొక భాగముగా జేర్చిరి. పిమ్మట నా లాటిను చట్టమునే ఆంగ్లమునకు దొడిగిరి. 1795వ సంవత్సరమున వెలువడి బహుళ ప్రచారము పొందిన లిండ్లీ మర్రే వ్యాకరణమున భాగములు తొమ్మిది. 1877లో అమెరికావారైన రీడ్, కెలాగ్ అనువారు గీతలతో వాక్యచిత్రమును గీయు పద్ధతిని బాగుగా వ్యాప్తికి దెచ్చిరి. మనదేశమునకు నెస్‌ఫీల్డు వ్యాకరణములు పందొమ్మిదవ శతాబ్ది చివరను, రెన్ మార్టినుల గ్రంథము 1930ల దశకమునను వచ్చినవి. ఈ రెండవదానిని తరువాత సంస్కరించిన ఎన్.డి.వి. ప్రసాదరావుగారి పేరు నేటికిని దాని యట్టమీద గాననగును. ఒక భాష కొలతకు గుట్టిన చొక్కాయి మఱియొక భాషకును, అచ్చటినుండి వేఱొకదానికిని దొడుగబడుచు మనవఱకు వచ్చినదని చదువరులు గ్రహించునది.

తెలుగు విద్యార్థి కష్టము ఇంతతో తీరదు. ఆతని మాతృభాషకును పరుల కొలతలే. కాంబెల్ దొర 1816లోను, బ్రౌను దొర 1840లోను ఆంగ్లమున వ్రాసిన తెలుగు వ్యాకరణములు పరదేశీయుల యవసరమునకై పుట్టినవి. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో సంస్కృత సూత్రపద్ధతిని వెలసినది. అది మహాగ్రంథము, కాని సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వఱకు గల దాని పది పరిచ్ఛేదములలో వాక్యమున కని వేఱుగ నొక పరిచ్ఛేదము లేదు. తెలుగువాక్యము తన నడకలో దాను ఎట్లు నడచునో నూతన భాషాశాస్త్రరీతిని జూపిన చేకూరి రామారావుగారి "తెలుగు వాక్యం" 1975లో గాని రాలేదు. దాని ఫలమేమన, మన పిల్లవాడు తన వాక్యమును విప్పి చూడకయే పరుల వాక్యమును విప్పుటకు బూనుకొనుచున్నాడు.

ఇందువలన గలుగు చిక్కులలో మూడింటిని మాత్రము చూపుదుము.

మొదటిది "సబ్జెక్టు" అను మాటను "కర్త" యని తెనిగించుట. "ది థీఫ్ వాజ్ కాట్ బై ది పోలీస్" అను వాక్యమున సబ్జెక్టు దొంగ. సబ్జెక్టనగా కర్తయని నేర్చినవాడు, దొంగయే పట్టినవాడని యనుకొనక తప్పదు. లేక ఆలోచించుట మానుకొనవలెను. రెండవదే తఱచుగ జరుగుచున్నది. మన శాస్త్రమున కర్త యనగా పని చేయువాడు. "దొంగ పోలీసులచేత పట్టబడెను" అన్నను కర్త పోలీసులే, దొంగ కర్మయే. విభక్తి మాఱినంత మాత్రమున పని చేసినవాడు మాఱడు. ఆంగ్లపు సబ్జెక్టు వాక్యములో నొక స్థానము. మన కర్త క్రియతో నొక సంబంధము. ఈ రెంటిని వేఱువేఱుగ నుంచినచో కర్మణి ప్రయోగము ఒక గంటలో బోధపడును. కలిపినచో నేండ్లు గడచినను బట్టీపట్టిన సూత్రముగనే మిగులును.

రెండవది, మన "నాకు" అను మాట. నాకు ఇద్దరు తమ్ములు కలరు, నాకు తెలియును, నాకు ఆకలిగా నున్నది, నాకు భయము: ఇన్నిట మనుష్యుడు "కు" ప్రత్యయముతో నొదిగి నిలుచును. ఆంగ్లమున నతడే ముందునకు వచ్చి సబ్జెక్టగును. తమ్ములు ఆతనికి "హావ్" అను క్రియకు ఆబ్జెక్టగుదురు. "అతడు వైద్యుడు" అను మన వాక్యమునకు క్రియయే లేదు. ఆంగ్లమునకు "ఈజ్" లేనిదే గడవదు. ప్రతి వాక్యమునకు సబ్జెక్టు, వర్బు ఉండవలెనని నల్లబల్లమీద వ్రాసినంతమాత్రమున నీ భేదము తెలియదు. రెండు భాషలను ప్రక్కప్రక్కను బెట్టి చూపవలెను.

మూడవది విశేషణోపవాక్యము. "ది మ్యాన్ హూ సోల్డ్ ది హౌస్" అను దానికి శిక్షణాలయములలో "ఎవడైతే ఇల్లు అమ్మెనో ఆ మనుష్యుడు" అను అర్థము చెప్పుచుందురు. ఏ తెలుగు గృహిణియైన నిట్లు మాటలాడునా? "ఇల్లు అమ్మిన మనిషి" అనును. ఈ "అమ్మిన" అను నొక్క మాట "హూ సోల్డ్" అనునది చేయు పని యంతయు జేయుచున్నది. మఱియు "ఇల్లు అమ్మిన మనిషి", "మనిషి అమ్మిన ఇల్లు" అను రెంటను మన మాట రూపము మాఱదు. ఆంగ్లమున "హూ సోల్డ్ ది హౌస్", "హిచ్ ది మ్యాన్ సోల్డ్" అని పదములును వరుసయు మాఱును. నామమునకు ముందు మనమొక మాటతో జేయుదానిని వారు నామమునకు వెనుక నొక చిన్న వాక్యముతో జేయుదురని చెప్పినచో, నూఱు నియమముల బరువు తగ్గును. "ఎవడైతే" యను కృత్రిమానువాదము ఆంగ్లమును దెలుపలేదు, తెలుగును జెఱచినది.

ఈ మాటకు ఒక పూర్వకథ కలదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఉత్తర సర్కారులలో పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన యేట్సు దొర, ఆంగ్లమును సజీవభాషగా నేర్పుట యెట్లని విచారించుచు, తెలుగు నేర్పు తీరును గూర్చియు బ్రశ్నలు వేసెను. ఆ ప్రశ్నలే గిడుగు రామమూర్తి పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమమునకు బురికొల్పినవి. అనగా ఆంగ్లబోధనను బాగుచేయబూనినవాని ప్రశ్న తెలుగునకు మేలుచేసినది. నేడు తెలుగును బాగుగ దెలియుట ఆంగ్లబోధనకు మేలుచేయవలసిన వంతు వచ్చినది. ఈ గ్రాంథికపు పుటలలో పంతులుగారిని స్మరించుటకు మేము కొంత జంకుచునే యున్నాము. అయినను ఋణమును ఒప్పుకొనక తప్పదు.

పరిశోధకు లేమనుచున్నారు? 1963లో అమెరికాలో ప్రకటింపబడిన యొక సమీక్షయందు బ్రాడక్ మొదలగువారు, కేవల వ్యాకరణబోధ వలన పిల్లల రచన బాగుపడుట లేదని తేల్చిరి. 2007లో గ్రేహామ్, పెరిన్ అనువారు అనేక పరిశోధనలను గూడదీసి చూచి యట్టి ఫలితమునే చెప్పిరి. కాని చిన్న వాక్యములను గలిపి పెద్దవాక్యమును గట్టు సాధన మాత్రము మేలు చేయుచున్నదని చూపిరి. అయితే ఆ పిల్లలు ప్రధానముగ ఆంగ్లభాషా పాఠశాలల వారు, ఆంగ్లమున బెరిగినవారు. రెండవ భాషగా నేర్చుకొనువారికి నియమములను విప్పి చెప్పుట ప్రయోజనకరమని 2000లో నోరిస్, ఒర్టెగా అనువారు చూపియున్నారు. మనదేశముననే ఎన్.ఎస్. ప్రభుగారు 1979 మొదలు 1984 వఱకు బెంగళూరు మొదలగు చోట్ల పాఠశాలలలో, అర్థముపై దృష్టి నిలిపి పనులు చేయించినచో వ్యాకరణము దానంతట పట్టువడునను పద్ధతిని పరీక్షించిరి. ఇవన్నియు నొకచో జేర్చి చూచినచో తేలునది యిది: వివరించుట మంచిదే, విడదీయుట మంచిదే, అర్థమును విడిచి విడదీయుట మాత్రము నిష్ఫలము.

1958లో స్థాపింపబడిన కేంద్రాంగ్ల సంస్థ, నేటి ఆంగ్ల విదేశీభాషా విశ్వవిద్యాలయము, చిక్కడపల్లికి కొలది మైళ్ల దూరముననే యున్నది. అచ్చటి గ్రంథాలయమున నున్న జ్ఞానము ఈ సందులకు వచ్చునప్పటికి ఎఱ్ఱసిరా పేళ్లుగా మాఱుచున్నది.

మఱి చేయవలసిన దేమి? పరదేశముల కేగ బనిలేదు. మన పూర్వులు కావ్యపాఠమున అన్వయము చెప్పించుచుండిరి. అందు ఖండాన్వయమను పద్ధతి యొకటి కలదు. మొదట క్రియను పట్టుకొని, దానిని ప్రశ్నించుచు బోవుట: ఎవడు చేసెను? దేనిని? దేనిచేత? ఎవనికొఱకు? ఎచ్చట? ఎట్టివాడు? ప్రశ్నకు జవాబుగ నొక్కొక పదము తన చోటికి వచ్చి కూర్చుండును. ఇదియు విభజనమే; కాని ప్రతి ముక్కయు నొక యర్థమును మోసికొని వచ్చును. పేరు తరువాత బెట్టవచ్చును.

అశోక్‌నగరపు గదివానికి దగ్గఱి వాక్యము నొకదానిని తీసికొందము. "ది టెనెంట్ షల్ నాట్ సబ్‌లెట్ ది రూమ్ వితౌట్ ది రిటన్ కన్సెంట్ ఆఫ్ ది ఓనర్." ఏమి చేయరాదు? మఱియొకరికి అద్దెకీయరాదు. ఎవరు? అద్దెకున్నవాడు. దేనిని? గదిని. ఏమి లేక? సమ్మతి లేక. ఎట్టి సమ్మతి? వ్రాతమూలకమైనది. ఎవరిది? యజమానునిది. ఆఱు ప్రశ్నలతో వాక్యము ముక్కలైనది, అర్థమును నిలిచినది. ఇప్పుడు "వితౌట్" మొదలు చివరవఱకు గల భాగమునకు వైయాకరణుడు పెట్టిన పేరు చెప్పినచో విద్యార్థి మఱవడు. ఏలయన నా పేరునకు ఆధారమైన పని వానికి తెలియును. నోటిమాటగా సమ్మతి పొంది స్నేహితుని గదిలో నుంచుకొన్నవానికి ఆ వాక్యము ఎంత ప్రమాదకరమో కూడ తెలియును.

విడదీసినదానిని మరల గూర్చుట రెండవ సాధన. "కరెంటు పోయెను. పిల్లలు దీపము వెలిగించిరి. పిల్లలు చదువుకొనిరి" అను మూడింటిని మనము "కరెంటు పోగా పిల్లలు దీపము వెలిగించి చదువుకొనిరి" అందుము. మన "పోగా", "వెలిగించి" యను రూపములకు ఆంగ్లము "వెన్", "అండ్" మొదలైన మాటలతో నెన్ని త్రోవలు జూపునో విద్యార్థి తానే వ్రాసి చూడవలెను. గడియారమును విప్పుట నేర్చినవాడు పనివాడు కాడు. బిగించి నడిపించినవాడే పనివాడు.

దీనికి శిక్షకు లొక సమాధానము చెప్పుదురు: "పరీక్షకు ఆఱు నెలలే గడువు, తరగతిలో వందలమంది, మేము అర్థములు చెప్పుచు గూర్చుండిన సిలబసు ముగియదు." ఈ మాటలో నిజము లేకపోలేదు. పది పన్నెండేండ్లలో బడి చేయవలసిన పనిని ఆఱు నెలలలో జేయుమని వారిని అడుగుచున్నాము. కాని సంగ్రహించి వ్రాయుమని పరీక్ష యడిగినచోట పేళ్లపట్టిక యేమి సహాయము చేయును? అర్థము తెలియనివాడు దేనిని సంగ్రహించును? ఉద్యోగము వచ్చిన పిమ్మట నైనను, ప్రభుత్వపు టుత్తరువును జదివి, యొక ముసలమ్మకు పింఛను ఏల రాలేదో తెలుగున జెప్పవలసినవాడు వాడే గదా. అప్పుడు క్లాజుల పేళ్లు ఆమెకు గావలయునా?

నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి పేర నొక బాలికల ఉన్నతపాఠశాల కలదు. ఉర్దూ రాజభాషగా నున్న నైజాము కాలమున, 1928లో, ఆడపిల్లలకు తెలుగున జదువు చెప్పుటకై యది యుద్భవించినది. తెలిసిన భాష నుండియే తెలియనిదానికి ద్రోవయని యాకాలపు సంస్కర్తలు నమ్మిరి. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలందును ఒకటవ తరగతి మొదలు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ఆంగ్లము వద్దని మేమనము. పేదవాని బిడ్డకును అది కావలయును. కాని తెలుగును ద్రోసి తెచ్చుకొన్న ఆంగ్లము గీతలు గీసిన చేతిపుస్తకముగ మిగులునని మా భయము.

కావున తల్లిదండ్రులకు మా విన్నప మిది. మీ బిడ్డను చేర్చబోవు శిక్షణాలయమున పటములను, ర్యాంకుల ప్రకటనలను జూచుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు. వారమునకు విద్యార్థి తానుగా నెన్ని వాక్యములు వ్రాయును? వానిని దిద్దువా రెవరు? చదివిన పేరాను తెలుగున జెప్పించుదురా? ఇంటికి వచ్చిన బిడ్డచేత నొక ఆంగ్లవాక్యము చదివించి, మీకు ఆంగ్లము రాకున్నను సరే, "దీని భావ మేమి, ఎవరు, ఎవరిని, ఎందుకు?" అని యడుగుడు. ఆ ప్రశ్నలకు చదువు రాని తల్లియు మంచి గురువు కాగలదు.

ఆ సాయంకాలము గ్రంథాలయపు చెట్టుక్రింద మేము ఆ విద్యార్థిచేత నట్లే చెప్పించితిమి. నాలుగవ ప్రశ్నకు వాక్యము విచ్చుకొనెను. ఆతడు తల యెత్తి, "ఇంతేనా అండి!" అనెను. పిదప తన చేతిపుస్తకమును మొదటి పుటకు ద్రిప్పి, పాత వాక్యములను మరల నొకటొకటిగ జదువసాగెను.